ఎండకు కూర్చున్న డ్రాగన్ రాజు

వానలు మొహం చాటేస్తే ఆ కొండపల్లెలో వానదేవుడైన డ్రాగన్ రాజు విగ్రహాన్ని గుడిలోంచి మోసుకొచ్చి ఎండలో పెట్టేవాళ్లు, ఒళ్లు కాలితే అతనికే తెలిసొస్తుందని. ఆ ఏడు గుడికప్పు కూలి మట్టిదేవుడు ముక్కలయ్యాడు. అప్పుడే పే దెషున్ నాటకాల బృందం ఊళ్లో దిగింది.

జుట్టు నెరిసేదాకా డ్రాగన్ రాజు వేషమే కట్టినవాడు దెషున్. "నేను గొంతెత్తితే మబ్బులు వణుకుతాయి" అని టీ అంగట్లో అతను కోసిన కోతలు ఊరిపెద్ద లూ చెవిన పడ్డాయి.

"అయితే వేషం కట్టుకుని గుడి ముందు కూర్చో నాయనా. ఈ ఏటికి నువ్వే మా దేవుడివి," అన్నాడు లూ.

దెషున్ అది సన్మానం అనుకున్నాడు. రంగు పూసుకుని, కొమ్ముల కిరీటం పెట్టుకుని హుందాగా వెళ్లి కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికొచ్చి, జనం తిట్లు మొదలెట్టాక గానీ సంగతి బోధపడలేదు. 'దండ పడగానే తల వంచే బలిమేకకీ నాకూ తేడా ఒకటే, దాని కొమ్ములు నిజమైనవి' అనుకున్నాడు.

చూ అవ్వ అనే ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"తిన్న నైవేద్యం అరిగిందా? నా కొర్రచేను వెన్ను తీయకముందే మాడిపోతోంది. మా ముసలాయన పోయినప్పుడు కూడా నిన్నొక్క మాట అన్లేదు."

దెషున్‌కి వచ్చిన మాటలన్నీ గర్జనలే.

"తప్పయింది అవ్వా," అని గొణిగాడు.

అవ్వ అటూ ఇటూ చూసి, చెంగుచాటున దాచిన గంజి గిన్నె నోటికందించింది. "తాగు. రంగు కారి నోట్లోకి పోతోంది. నాటకాలోడివని తెలుసులే. ఎవరో ఒకర్ని తిట్టుకోవాలి కదా."

ఆ సాయంత్రం ఎవరూ అడక్కపోయినా వానపాటంతా పాడాడు. గొంతు పగిలింది, మబ్బు పగల్లేదు.

తరవాత కొండ అవతలి ఊళ్లో కోళ్లదొంగ వేషంలో ఉండగా కుండపోత కురిసింది. రాజుగా గర్జిస్తే కదలని మబ్బు, కోడిని చంకన పెట్టగానే కరిగిందన్నమాట. జనం నవ్వుతూ అతన్ని భుజాలకెత్తుకుంటే, అతను మాత్రం అవ్వ చేను తడిసిందో లేదో కనుక్కోమని బృందంలోని కంచరగాడిదలవాణ్ణి పంపాడు. తడిసింది. సగం చేను తేరుకుంది.

కోతలప్పుడు దెషున్ సాయానికి వెళ్లి, కొడవలి తిన్నగా పట్టలేక వేలు కోసుకున్నాడు.

"రాజులకి పనేం వస్తుంది," అని అవ్వ గుడ్డపేలిక కట్టి, గట్టు మీద కూర్చోబెట్టింది.