మబ్బులోనే చూపిస్తాను

విభాగంలో అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. ఎన్నో ఏళ్ళు అక్కడే టెక్నీషియన్‌గా మీటర్లు బాగుచేసి, నలభై దగ్గర పడ్డాక పరిశోధనలో చేరింది. "ఈ వయసులో ఇదేం పిచ్చి?" అన్న చుట్టాలకు ఆమె జవాబు చెప్పుకోవలసిన పని లేకపోయింది. "వయసు దానిది, పిచ్చీ దానిదే. మధ్యలో మీకేం నొప్పి?" అని అత్తగారే నోళ్ళు మూయించింది.

వాళ్ళ ఇల్లు పల్లపు వీధిలో, వాగు పక్కన. ఒక వానాకాలం వాగు పొంగి, మంచాల కోళ్ళు మునిగేదాకా ఆ వీధిలో ఎవరికీ మెలకువ రాలేదు. పిన్ని పరిశోధన అక్కడే మొదలైంది. వాగు గట్టున అక్కడక్కడా చిన్న పెట్టెలు. ఒక్కోదాని నెత్తిన అరచేయంత సోలార్ పలక, లోపల బ్యాటరీ, రేడియో. వరుసలో మొదటి పెట్టె నీటిమట్టం చూసి పక్కదానికి చెబుతుంది, అది దాని పక్కదానికి. అలా కబురు విశ్వవిద్యాలయం దాకా, అక్కడి నుంచి వీధిలోని ఫోన్లకూ వెళ్ళాలి. అయితే వరద వచ్చేది ఎండ లేని రోజుల్లోనే. అందుకని ఆ పెట్టెలకు పొదుపు నేర్పింది. మబ్బు పడితే నోరు మూసుకుని పడుకోవాలి. నీళ్ళు పెరిగితే మాత్రం దాచుకున్నదంతా ఖర్చుపెట్టి అరవాలి.

ఇవి చూడటానికి ఒక సోలార్ కంపెనీ వాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది. వాళ్ళకు నచ్చితే విభాగానికి కొత్త భవనం. హెడ్డు గారు మేడ మీద కొన్ని పెట్టెలు పెట్టించి, వాగుకు బదులు ఒక నీళ్ళ తొట్టి అమర్చారు. తీరా వాళ్ళు వచ్చే వారమంతా ముసురు.

ఆ ఉదయం పిన్ని లాబ్‌లో తెర చూసింది. మేడ మీది పెట్టెలన్నిటికీ బ్యాటరీ నిండుగా ఉంది. సంతోషించాల్సింది పోయి ఆమెకు అనుమానం వచ్చింది. రోజుల తరబడి సూర్యుడు మొహమే చూపించకపోతే ఇవెలా నిండాయి? గబగబా మేడెక్కింది. మెట్ల దగ్గరి ప్లగ్గు నుంచి సన్నటి వైరొకటి పూలకుండీల వెనకగా పెట్టెల దాకా పాకి ఉంది.

హెడ్డు గారు టై సర్దుకుంటూ పైకి వచ్చారు. ఆమెకు గైడూ ఆయనే.

"సార్, ఈ వైరు ఎవరు వేయించారు?"

"నేనే. ఎందుకమ్మా అంత కంగారు? ఇవాళ్టికి కాస్త ఆసరా, అంతే."

"మబ్బులో పనిచేస్తాయనే కదా సార్ మనం చెప్పుకునేది!"

"వాళ్ళు ఉండేదే కాసేపు. పచ్చ లైట్లు చూస్తారు, చప్పట్లు కొడతారు, పోతారు. నీ థీసిస్ మీద సంతకం పెట్టేది ఎవరో గుర్తుపెట్టుకో."

"రేపు వరదొస్తే వాగు దాకా కూడా ఇలాగే వైరు లాగుతారా?"

ఆయన జవాబు చెప్పేలోగా మెట్ల మీద మాటలు వినిపించాయి. ఆయన మొహంలోకి నవ్వు వచ్చేసింది.

వచ్చినవాళ్ళలో నెరిసిన జుట్టుతో ఒక ఇంజనీరమ్మ ఉంది. తెర చూసి, "ఇన్ని రోజుల ముసురులో ఇంత చార్జా! భలే ఉందే," అంది.

"మా పెట్టెలు మబ్బును లెక్కచేయవండీ," అన్నారు హెడ్డు గారు.

పిన్ని ప్లగ్గు స్విచ్చి ఆపింది. జేబులోంచి కటింగ్ ప్లయరు తీసి వైరును పుటుక్కున తెంపి, ఆ కొస అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

"ఇది గోడలోంచి వచ్చిన కరెంటండీ. మీరు చూస్తున్నది దొంగ చార్జి. అసలు పెట్టెలు వాగు దగ్గర ఉన్నాయి. వాటికి ఏ వైరూ లేదు. ఇదే మబ్బులో చూపిస్తాను, రండి."

హెడ్డు గారి చెవులు ఎర్రబడ్డాయి. కొందరు తమ బూట్ల వంక చూసుకున్నారు. ఇంజనీరమ్మ మాత్రం గొడుగు తెరిచి, "ఎటు?" అంది.

వాగు దగ్గర వాళ్ళను చూసి అత్తగారు కొంగు నెత్తిన కప్పుకుని గట్టు మీదకు వచ్చేసింది. పిన్ని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, నీటిమట్టం కొలిచే తేలుడు బంతిని చేత్తో పైకెత్తింది. మొదటి పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. రెండోది పలకలేదు. గొడుగు మీద చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిన్ని చేయి లాగేస్తున్నా బంతిని వదల్లేదు. చాలాసేపటికి, చచ్చిన పెట్టెను తప్పించుకుని అవతలి దాని మీదుగా తిరిగి వచ్చిన కబురు అత్తగారి ఫోన్లో మోగింది.

"మోగిందే! మోగిందే!" అని ఆవిడ ఫోను ఇంజనీరమ్మ మొహం ముందు ఊపింది.

"ఆలస్యమైంది," అంది ఇంజనీరమ్మ.

"అయిందండీ. రెండోది చచ్చింది కూడా. మూత సందులోంచి చెమ్మ దిగుంటుంది. థీసిస్‌లో అదీ రాస్తాను," అంది పిన్ని, నీళ్ళలోంచే.

కొత్త భవనం రాలేదు. విభాగం పరువు తీసినందుకు క్షమాపణ రాసివ్వమని రిజిస్ట్రారు పిలిపించి అడిగారు.

"తెంపింది నేనే సార్. వేసింది నేను కాదు. రాయను," అని చెప్పి లేచి వచ్చేసింది.

లాబ్ తాళం తీసుకున్నారు. ఆమె టంకం సామానంతా ఇంటి వసారాలోకి చేర్చింది. మరో విభాగంలో గైడును వెతుక్కునే సరికి కాలం బోలెడు గడిచింది. ఇంట్లో ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకున్న రోజులూ లేకపోలేదు. అలాంటప్పుడు అత్తగారు ఓదార్చలేదు. "ఏడ్చుకో, కానీ ఆ మూతలు మాత్రం గట్టిగా బిగించు," అంది. పిన్ని మూతలకు రబ్బరు పట్టీలు వేసి, చెమ్మ చొరబడకుండా బిగించింది.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం పల్లపు వీధి ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. జనం ముసలివాళ్ళనూ పిల్లలనూ తీసుకుని మిట్టకు చేరాకే నీళ్ళు గడపలు దాటాయి. పెట్టె ఒక్కటీ చావలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే వాగు గట్టున, మొదటి పెట్టెకు ఆనించి, పెద్ద రేకు బోర్డు ఒకటి వెలిసింది. దాని మీద విశ్వవిద్యాలయం పేరు, హెడ్డు గారి పేరు, ఆయన ఫోటో. పిన్ని స్క్రూలు విప్పి, బోర్డు చంకన పెట్టుకుని తిన్నగా ఆయన గదికి వెళ్ళింది.

"ఇదేంటి?" అన్నారాయన.

"మీ నీడ సోలార్ పలక మీద పడుతోంది సార్," అని చెప్పి, బోర్డును గోడకు ఆనించి బయటికి నడిచింది.