తోటికోడలి పోస్టు

నా తోటికోడలు సిటీ బస్సు నడుపుతుంది. ఈ మాట నేను చెబితే ఎవరూ తలెత్తి చూడరు. అదే ఆమె ఫోనులో రాస్తే అరవై వేలమంది చదువుతారు. ఆఖరి స్టాపులో బండి ఆగిన పది నిమిషాల్లో, ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో నాలుగు వాక్యాలు కొట్టి పడేస్తుంది. కిటికీ సీటు కోసం పసిపిల్లతో పోట్లాడిన ముసలాయన గురించి, తడిసిన గొడుగును పక్కవాళ్ళ ఒళ్ళో ఆరబెట్టిన ఆవిడ గురించి. జనం ఎగబడి చదువుతారు. నాకు కడుపు మండిపోతుంది. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

నేనూ ఒకప్పుడు రాసేదాన్ని. కాలేజీ గోడపత్రికకు రెండేళ్ళు సంపాదకురాలిని. ఎక్కడ ఒక మాట ఎక్కువైందో, ఏ వాక్యం నీరుగారిపోయిందో ఇట్టే పట్టేసేదాన్ని. ఇప్పుడు నా ఖాతాను అనుసరించేవాళ్ళు నలభై ఒక్కమంది. అందులో ఒకటి నా రెండో ఖాతా.

మా అత్తయ్య సంగతి వేరే చెప్పాలి. మేం కింద వాటాలో ఉంటాం, మరిది వాళ్ళు పై వాటాలో ఉంటారు. ఆవిడ ఒక వారం కింద, ఒక వారం పైన. ఏ వాటాలో ఉన్నా పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని చిన్నకోడలి పోస్టు పైకి చదవాల్సిందే. "విన్నావా పెద్దమ్మాయ్, ఎంత బాగా రాసిందో!" అంటుంది. నేను విన్నాననే అంటాను. పోయిన చలికాలం చిన్నకోడలి చేతులు చల్లబడిపోతున్నాయని స్టీరింగు చుట్టూ వేసుకోవడానికి ఆకుపచ్చ ఊలుతో తొడుగు అల్లింది. నా చేతులు పొద్దస్తమానం ఏసీలో కొయ్యబారిపోతున్నా ఆ ఊలులో నాకు మూరెడు దారం మిగల్లేదు.

నా ఉద్యోగం, జనం రాసినవి తీసెయ్యడం. 'ఇది ఉండకూడదు' అని ఎవరైనా ఫిర్యాదు చేసిన పోస్టులన్నీ వరుసకట్టి మా తెరల మీదకు వస్తాయి. రాసినవాళ్ళ పేరు కనిపించదు, దాని మీద మసక పట్టీ ఉంటుంది. ఒక్కోదానికి నలభై సెకన్లు. ఉంచాలా, తీయాలా, తీస్తే ఏ నియమం కింద తీస్తున్నామో అంతలోనే తేల్చాలి. సెకన్లు లెక్కబెడుతూ మా వెనక తిరిగే టీం లీడర్ని అందరం గడియారం అంటాం. ఆయనకూ తెలుసు. మేం ఎవరం చిన్న పొరపాటు చేసినా ఊరుకుంటాడు గానీ ఒక్కదాని దగ్గర మాత్రం ఊరుకోడు. రాసింది మనకు తెలిసినవాళ్ళని అనుమానం వస్తే, తెర మూలనున్న 'తెలిసినవారు' అనే మీట నొక్కాలి. ఆ పోస్టు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నొక్కకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఆ సోమవారం పదకొండింటికి నా తెర మీదకు ఒక పోస్టు వచ్చింది. దాని మీద రెండువందల పైచిలుకు ఫిర్యాదులున్నాయి. బస్సు స్టీరింగు ఫొటో, దాని చుట్టూ ఆకుపచ్చ ఊలు తొడుగు. కింద ఇలా ఉంది:

"నా బండికి బ్రేకు తొక్కగానే పడదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. మూడుకి పడుతుంది. ఈ సంగతి డిపో రిజిస్టరులో పదకొండుసార్లు రాశాను. మా సిగ్గులేని మేనేజరు పదకొండుసార్లూ సంతకం పెట్టి బండి బయటికి తియ్యమన్నాడు. ఒకటికీ మూడుకీ మధ్య ఎవరైనా రోడ్డు దాటితే ఆ సంతకం అడ్డం పడుతుందా?"

చదవగానే నాకు భయం వెయ్యాలి. మా ఇంటి మనిషి రోజూ ఆ సీట్లో కూర్చుంటుంది. కానీ నాకు కలిగింది భయం కాదు, కుళ్ళు. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు. సంపాదకురాలి కళ్ళతో రెండుసార్లు చూశాను, కొట్టెయ్యడానికి ఏమీ దొరకలేదు. ఇలాంటి చివరి వాక్యం నాకు జన్మలో ఒక్కసారైనా తట్టి ఉంటే!

ఇరవై రెండు సెకన్లయింది. నియమం నాకు కంఠతా వచ్చు. ఒక మనిషిని ఊరికే తిడితే తీసెయ్యాలి. పదిమంది ప్రాణాలకు సంబంధించిన ఉద్యోగంలో ఉన్నవాడిని, ఆ ఉద్యోగం గురించి తిడితే ఉంచాలి. ఇది ఉంచాల్సిందే. అసలు నేను ముట్టుకోకూడనిది. కళ్ళు మూల మీటకేసి వెళ్ళాయి. వేలు వెళ్ళలేదు. 'సిగ్గులేని' అనే మాట ఎంచి, 'వ్యక్తి దూషణ' కింద తీసేశాను. కారణం రాయాల్సిన గడిలో, "హోదా చెప్పి, గుర్తించగలిగేలా ఒక వ్యక్తిని కించపరచడం. ఆరోపణకు ఆధారం జతచేయలేదు" అని రాశాను. ఆ నియమం కింద పోతే ఖాతాకు ముప్పై రోజులు తాళం. తర్వాతి పోస్టు ఎవరో కుక్కపిల్లది. ఉంచాను.

మర్నాడు గడియారం నా కుర్చీ వెనక ఆగాడు. పట్టుబడ్డాననుకున్నాను. ఆయన అందరినీ పిలిచి, నేను గడిలో రాసిన రెండు వాక్యాలూ పైకి చదివి వినిపించాడు. "కారణం అంటే ఇలా రాయాలి. ఇకమీదట ఇలాంటివాటికి ఇదే నమూనా" అన్నాడు. ఈ ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలో నేను రాసినదాన్ని ఒకరు పైకి చదవడం అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

ఆ వెలుగు మధ్యాహ్నం దాకా నిలిచింది. నా తోటికోడలికి తోడుగా మిగతా డ్రైవర్లు తమ బండ్ల గురించి రాయడం మొదలుపెట్టారు. అవన్నీ మా గదిలోకే వచ్చాయి. నా పక్క సీటువాళ్ళు, వెనక సీటువాళ్ళు నమూనా చూసుకుని ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. సాయంత్రానికి నలభై దాటాయి. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. వాళ్ళు నియమం ప్రకారమే పోతున్నారు.

బుధవారం సాయంత్రం నా తోటికోడలు, చిన్నది, కిందికి వచ్చింది. నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. అత్తయ్య ఆ వారం మా వాటాలోనే ఉంది. చిన్నది డిపో వాళ్ళిచ్చిన కాగితం నా ముందు పెట్టింది. సస్పెండ్ చేశారు. శుక్రవారం విచారణ. కాగితంలో ఒక వాక్యం కింద ఆమే గీత గీసింది: 'సదరు ఆరోపణ నిరాధారమని గుర్తించి ఆ సామాజిక మాధ్యమ సంస్థే దాన్ని తొలగించింది.'

"అక్కా, నువ్వు చేసేది ఇలాంటి పనే కదా. మళ్ళీ చూడమని అడిగాను. తొమ్మిది సెకన్లలో కుదరదని వచ్చేసింది. తొమ్మిది సెకన్లలో ఏం చదువుతారక్కా?"

నమూనా చదువుతారు, అనుకున్నాను.

"ఆ ఒక్క మాట తీసేసి ఉంటే సరిపోయేదా?" అంది. "ఒళ్ళు మండి రాశాను. నువ్వయితే తీసేదానివా?"

"నియమాలను బట్టి ఉంటుంది" అన్నాను, గిన్నెకేసి చూస్తూ.

అత్తయ్య సోఫాలోంచి, "పెద్దమ్మాయ్, నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి. నీకు తెలిసిన పని కదా" అంది. నేను ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది, నా పని గురించి ఆవిడ మాట్లాడటం అప్పుడే విన్నాను. దానికి కూడా చిన్నదే కావలసివచ్చింది.

చిన్నది కాగితం మడతపెడుతూ, "నా ఉద్యోగం సంగతి తర్వాత. నా బండి ఇవాళ కొత్తతనికి ఇచ్చారక్కా. గేటు దగ్గర ఆపి చెప్పాను, బ్రేకుకి ముందే లెక్కపెట్టుకోమని. నవ్వి వెళ్ళిపోయాడు" అంది.

నా చేతిలో గిన్నె తుడిచిందే తుడుస్తున్నాను. ఆ బండి మా ఆఫీసు ముందు నుంచే పోతుంది. రోడ్డు దాటేవాళ్ళను రోజూ కిటికీలోంచి చూస్తుంటాను. కుళ్ళు తగ్గిందని చెప్పను. దాని మీదికి భయం ఎక్కి కూర్చుంది, అంతే.

దారి ఒక్కటే ఉంది. తీసిన మనిషే వచ్చి, 'రాసింది నాకు తెలిసినవాళ్ళు, తెలిసే తీశాను' అంటే ఆ నిర్ణయం చెల్లదు. దాన్ని చూసి తీసినవన్నీ కూడా వెనక్కి వస్తాయి. గురువారం పొద్దున షిఫ్టు మొదలవ్వకముందే గడియారం గదిలోకి వెళ్ళాను.

"సార్, మీరు నమూనాగా పెట్టిన పోస్టు మా తోటికోడలిది."

ఆయన తలుపు వేశాడు. "తర్వాత తెలిసిందా?"

"చూడగానే తెలిసింది సార్."

"మేడం, తర్వాత తెలిసిందనండి. ఒక హెచ్చరికతో పోతుంది."

"అలా అంటే నా నిర్ణయం నిలబడుతుంది కదా సార్?"

"నిలబడుతుంది. మీరూ నిలబడతారు."

మంచివాడే. ఆ మాట అన్నందుకు ఆయన మీద ఇప్పటికీ కోపం లేదు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా. కిటికీలోంచి కిందికి చూశాను. స్టాపులో జనం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేసి నిలబడి ఉన్నారు.

"చూడగానే తెలిసిందనే రాసుకోండి సార్."

"మరి ఎందుకు తీశారు?"

"బాగా రాసింది సార్" అన్నాను.

ఆయన నాకేసి చాలాసేపు చూశాడు. నలభై సెకన్లు దాటే ఉంటుంది. తర్వాత కాగితం మీద 'వ్యక్తిగత కారణం' అని రాసుకుని, నా మెడలోని కార్డు ఇమ్మన్నాడు.

మధ్యాహ్నానికి పోస్టు తిరిగి వచ్చింది, డ్రైవర్లవన్నీ వచ్చాయి. సాయంత్రానికి ఆ బండిని షెడ్డులో పెట్టారు. శుక్రవారం విచారణ అరగంట కూడా జరగలేదు. మొత్తం బండ్లు పరీక్షిస్తే నాలుగింటికి అదే జబ్బు. చిన్నదాన్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆమె ఖాతా లక్ష దాటింది.

శనివారం పై వాటాకు వెళ్ళాను. మరిది లేడు. ఆమె బట్టలు మడతపెడుతోంది.

"తీసింది నేనే" అన్నాను.

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "చూసుకోకుండా తీశావా?"

"చూసే తీశాను. నీదని తెలిసే."

"ఎందుకక్కా?"

"కుళ్ళుతో."

ఆమె ఆ చొక్కా మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టింది. "వెళ్ళక్కా" అంది. గొంతు పెంచలేదు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఇక రాస్తుందనుకున్నాను. లక్షమంది ఆమె నోటివెంట వచ్చే మాట కోసం కాచుకుని ఉన్నారు. ఇంతకన్నా మంచి కథ ఆమెకు ఏ బస్సులో దొరుకుతుంది? పనీపాటా లేక ఇంట్లో కూర్చున్నానేమో, గంట గంటకూ ఆమె ఖాతా తెరిచి చూసేదాన్ని. గొడుగుల గురించి రాసింది. తప్పు బస్సెక్కిన పెళ్ళికొడుకు గురించి రాసింది. నా గురించి ఒక్క ముక్క లేదు. ఒకరోజు అందరం కలిసి భోంచేస్తుంటే అత్తయ్య, "పెద్దమ్మాయ్ ఆ ఉద్యోగం ఎందుకు మానేసిందే?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చిన్నది, "పొద్దస్తమానం ఆ చెత్త చదవలేక మానేసింది అత్తయ్యా" అనేసి మంచినీళ్ళ జగ్గు అందుకుంది. ఆ మంచితనం చూసి కూడా నాకు మండింది, ఏం చెయ్యను.

పదిహేను రోజులకు ఇక ఆగలేకపోయాను. డ్యూటీ నుంచి వస్తుంటే మెట్ల దగ్గర ఆపాను. "నా గురించి ఎందుకు రాయలేదు?"

"రాశానక్కా" అంది. "ఆదివారం కూర్చుని రాశాను. నేను రాసినవాటన్నిటిలోకి అదే బాగా వచ్చింది."

"మరి?"

"నేనే తీసేశాను."

"ఏం రాశావు?"

ఆమె చెప్పడానికన్నట్టు ఒక మెట్టు దిగింది. మళ్ళీ మనసు మార్చుకుంది. "పోయిందిగా అక్కా" అని పైకి వెళ్ళిపోయింది.

నన్ను తిట్టిందో, క్షమించిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ సమయంలో నాకు పట్టింది అదీ కాదు. మెట్ల మీద నిలబడి, మొదటి వాక్యం ఎలా మొదలుపెట్టి ఉంటుందా అని ఆలోచించాను. నాలుగైదు రకాలుగా మొదలుపెట్టి చూసుకున్నాను. ఏదీ ఆమె రాసినంత బాగా లేదు.