లోపలికా, బయటికా

తలుపు చేతిలోనే ఉంది. బాత్రూం దర్వాజ, తలుపు లేని ఉత్త చట్రం, ఎదురుగానే ఉంది. ఆ రెంటి మధ్య ఏం చేయాలో తెలియక ఇస్రాయేలు నిలబడి ఉన్నాడు.

తలుపును ఒకసారి లోపలివైపు ఆనించి చూశాడు. బయటికి వచ్చి ఇవతలివైపు ఆనించి చూశాడు. చెవి మీద పెన్సిలు తీసి, తలుపును దర్వాజకు పట్టి ఉంచే కబ్జాలు ఎక్కడ రావాలో ఎడమపక్కన గుర్తులు పెట్టాడు. వేలు తడి చేసుకుని వాటిని తుడిచేశాడు. కుడిపక్కన పెట్టాడు. వాటినీ తుడిచేశాడు. పొద్దున తొమ్మిదింటికి వచ్చిన మనిషి పదిన్నరకు ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. అరవై రెండేళ్ళవాడు, అందులో నలభై ఏళ్ళు తలుపులతోనే గడిపినవాడు, తలుపు ఎటు తెరవాలో తెలియక తల గోక్కుంటుంటే చూసేవాళ్ళకు నవ్వు రావాలి. ఆ ఇంటి కోడలు నవ్యకు మాత్రం నవ్వు రాలేదు.

"ఏంది తాతా, ఒక్క తలుపుకు ఎంతసేపు? లోపలికి తెరిచేటట్టు పెట్టుమని సేటుకు ఫోన్ల చెప్పినం గద!"

"చెప్పిండు బిడ్డా. జర కొలత చూస్తున్న."

కొలత ఎప్పుడో చూశాడు. దర్వాజ వెడల్పు రెండున్నర అడుగులు. దాని ముందు సరిగ్గా అడుగున్నర దూరంలో మేడమెట్ల గోడ. తలుపు బయటికి పెడితే సగం తెరుచుకోగానే గోడకు కొట్టుకుంటుంది. ఆ సందులోంచి పిల్లి పోతుందేమో గానీ, మోకాళ్ళు అరిగిన నవ్య అత్త తిమ్మమ్మ పోలేదు. పక్కకు జరిగే తలుపు పెడదామంటే ఒక పక్కన కుళాయి, ఇంకో పక్కన మెట్లు. అంటే లోపలికే పెట్టాలి. దానికి పెద్ద చదువేమీ అక్కరలేదు. కానీ చేతులు మాట వినడం లేదు.

పొద్దున వనపర్తిలో తలుపుల దుకాణం తెరుస్తూనే బాలకృష్ణ సేటు ఆఖరి మాట చెప్పేశాడు. ఈ నెలలోనే ముగ్గురు ఇంటివాళ్ళు దుకాణానికి వచ్చి గొడవ పెట్టుకున్నారు. లోపలికి పెట్టమన్న బాత్రూం తలుపును ఇస్రాయేలు బయటికి పెట్టి వచ్చాడట. ఒక ఇంట్లో అది పోయి ఫ్రిజ్‌కు తగిలింది. ఇంకో ఇంట్లో పండక్కి వచ్చిన అల్లుడి నుదుటికి తగిలింది.

"అన్నా, నీ మతి యాడుంటుందో నాకైతే తెల్వదు. ఇయ్యాల గోపాల్‌పేట పని గిన ఖరాబైతే రేపటి సంది రాకు. కోపం చేసుకోకు. నా దుకాణం నడవాలె గద" అన్నాడు సేటు. చెడ్డవాడు కాదు. చాయ్ తెప్పించి మరీ చెప్పాడు.

ఆ దుకాణం లేకపోతే ఇస్రాయేలు పొద్దున లేచి పోవడానికి ఈ భూమ్మీద మరో చోటు లేదు. పిల్లలు లేరు, పొలం లేదు. అందుకే బస్సులో గోపాల్‌పేట వచ్చేదాకా లోపలికి, లోపలికి అని పాఠంలా అనుకుంటూనే వచ్చాడు. తీరా దర్వాజ ముందు నిలబడేసరికి పాఠం కాస్తా ఎగిరిపోయింది.

కూలి చేసుకుని బతికిన కుటుంబం వాళ్ళది. ఇరవై ఏళ్ళప్పుడు పాలమూరు కూలీల గుంపుతో పుణె పోయాడు. ఇటుకలు మోయడానికి పోయినవాణ్ని ఒక మరాఠీ మేస్త్రి తలుపుల పనిలో పెట్టుకున్నాడు. ఆ మేస్త్రికి తలుపుల మీద ఎంత పిచ్చంటే, అన్నం తింటూ కూడా అదే మాట. ఇంటి ముందు తలుపు లోపలికే తెరవాలి, వచ్చినవాళ్ళను లోపలికి తోడుకుపోవాలి కాబట్టి. దేవుడిగదికి రెండు రెక్కలూ గంటలూ ఉండాలి. వంటింటికి జాలీ తలుపు, గాలి రావాలి, ఈగ రాకూడదు. దుకాణానికి పైకి చుట్టుకుపోయే షట్టరు. పదిమంది చేరే హాలుకు మాత్రం తలుపు బయటికే తెరవాలి. "ఆపద వచ్చిందంటే జనమంతా తలుపు మీదికే వచ్చి పడతారు. వాళ్ళ బరువే తలుపును మూసేస్తుంది" అని చెప్పేవాడు మేస్త్రి. ఇస్రాయేలు ఆ మాట మరిచిపోలేదు. హాలు గురించి చెప్పిన మాట ఇంటికి కూడా వర్తిస్తుందని మాత్రం సమయానికి గట్టిగా అనలేకపోయాడు.

తిరిగి వచ్చాక ఇక్కడ దొరికింది బాత్రూం తలుపుల పనే. ఇంటి ముందు దర్వాజ ఎత్తడానికి, అంటే గుమ్మం నిలబెట్టడానికి, వడ్లాయనే, వడ్రంగి కులంవాడే, రావాలి. పసుపు కుంకుమలు, కొబ్బరికాయ, నవధాన్యాల మూట. ఎత్తినవాడికి కొత్త బట్టలు పెడతారు. బాత్రూం తలుపు బిగించినవాడికి చాయ్ పోస్తారు. ఇన్నేళ్ళలో ఎన్ని చాయ్‌లు తాగాడో అతనికే తెలియదు.

పన్నెండవుతుండగా నవ్య కూతురిని బడి నుంచి తీసుకురావడానికి పోయింది. భర్త సతీష్‌కు కొత్తకోట రోడ్డు మీద టైర్ల దుకాణం, పొద్దున పోతే చీకటి పడితే గానీ రాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని పల్లికాయ ఒలుస్తున్న తిమ్మమ్మ చేటను పక్కకు జరిపింది.

"ఏమయ్యా ఇస్రాయేలు, తలుపుతోని ఏం పంచాయితీ పెట్టుకున్నవ్? పొద్దటి సంది చూస్తున్న, ఒకపారి లోపటికి పోతవ్, ఒకపారి బయటికొస్తవ్."

"ఏం లేదమ్మా. జర తికమక పడ్డ."

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేనొక్కన్నే. మా బాలమ్మ పోయి నాలుగేండ్లాయె."

"అయ్యో. ఏమైండె?"

ఇస్రాయేలు తలుపును గోడకు ఆనించాడు. అది జారకుండా కింద రాయి పెట్టాడు. రాయి సరిగా ఉందో లేదో మళ్ళీ చూశాడు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళూ లేరు. ఈ ముసలామె ఏదో పొద్దుపోక అడిగింది. అయినా నోరు తెరుచుకుంది.

"మా బాత్రూం తలుపు నేనే పెట్టినమ్మా. రేకు తలుపు. బయటికి పెడ్తనంటే ఆమెనే వద్దన్నది, బిందెలకు తగుల్తదని. సరేలే అని లోపలికి పెట్టిన. ఒకనాడు పొద్దుగాల తానానికి పోయి కాలు జారింది. పడుడు పడుడే తలుపుకు అడ్డం పడ్డది. బోల్ట్ సుత పెట్టుకోలే. అయినా తలుపు రాదు."

తిమ్మమ్మ చేతిలో పల్లికాయ అలాగే ఉండిపోయింది.

"తలుపును తోస్తే ఆమెనే తోసినట్టు. లోపట్నించి మెల్లగ, మెల్లగ అంటుంది. కబ్జాలు ఊడపీకుదమంటే అవి లోపలి దిక్కున్నయి. నా పనిముట్లన్ని నా చేతులనే ఉన్నయమ్మా. మెల్లగ తొయ్యాల్నా, గట్టిగ తొయ్యాల్నా తెల్వకపాయె. ఆఖరికి భుజంతోని గుద్దిన. అప్పటికి మాట్లాడుత లేదు."

కళ్ళు తుడుచుకోలేదు. కళ్ళలో నీళ్ళున్నట్టు అతనికి తెలిసినట్టే లేదు. మెల్లగానా, గట్టిగానా? నాలుగేళ్ళుగా ప్రతి బాత్రూం దర్వాజ దగ్గరా అదే ప్రశ్న వచ్చి చేయి పట్టుకుంటుంది. లోపలికి పెట్టమని సేటు రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంటుంది. చేతులు మాత్రం బయటికే బిగించి వస్తాయి.

తిమ్మమ్మ పల్లికాయను చేటలో వేసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, "ఓ దేవుడా" అనుకుంటూ లేచి, దర్వాజ దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి చూసింది. మెట్ల గోడను చూసింది.

"నేను సుత రేపో మాపో పడేదాన్నే. నాకు లోపటికి తెరిచే తలుపు వద్దయ్యా."

"బయటికి పెడ్తె గోడకు తగుల్తదమ్మా. గదే నా పరేషాన్."

"మా అత్తగారింట్ల అన్ని తలుపులకు రెండు రెక్కలుండె. వాకిట్ల బర్రె అడ్డం పండుకున్నా ఒక రెక్క తెరుసుకొని పోతుంటిమి." అలా అంటూనే ఆమె మళ్ళీ మంచం దగ్గరికి నడిచింది, పెద్ద మాట చెప్పానని కూడా అనుకోకుండా.

ఇస్రాయేలు టేపు తీశాడు. రెండున్నరలో సగం అడుగుంబావు. గోడ అడుగున్నర దూరం. మూడంగుళాలు మిగులుతున్నాయి. నమ్మలేక మళ్ళీ కొలిచాడు. మూడంగుళాలే. ఇంత చిన్న సంగతి పొద్దుటి నుంచి తన బుర్రకు ఎందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు.

కానీ తలుపును కోయాలి. కొత్త తలుపును, సేటు తలుపును, నిలువునా. కోసిన తలుపు మళ్ళీ అతకదు, ఎవరూ కొనరు. కోస్తే పని పోతుంది, కోయకపోతే ఈ ముసలామె రోజూ ఆ తలుపు వెనక స్నానం చేస్తుంది. రంపం చేతిలోకి తీసుకున్నాడు. ఫోన్ చేసి సేటును అడుగుదామా అనుకున్నాడు. అడిగితే వద్దంటాడు. అందుకని అడగలేదు.

తలుపును రెండు ఇటుకల మీద పడుకోబెట్టి, నడిమధ్యన గీత గీసి, రంపం ఆడించాడు. నీళ్ళకు ఉబ్బని, చెద పట్టని గట్టి పలక అది. తెల్లటి పొట్టు అతని కాళ్ళ మీద, చెప్పుల మీద పడుతూ ఉంది. రంపం పై నుంచి కింద దాకా ఒక్క వంకర లేకుండా వచ్చింది. పొద్దుటి నుంచి మాట వినని చేతులు అవేనా అనిపించింది.

నవ్య పిల్లను తీసుకుని వచ్చేసరికి రెండు ముక్కలు పక్కపక్కన పడి ఉన్నాయి.

"అయ్యయ్యో! కొత్త తలుపును నిలువునా చీరినవా? నీకేమన్న మతి గిట్ల పోయిందా తాతా?"

"మంచిగనే వస్తది బిడ్డా. ఒక్క గంట ఆగు."

ఆమె ఆగలేదు. అప్పుడే దుకాణానికి ఫోన్ కలిపి అతని చేతికి ఇచ్చింది.

"కోసినవా అన్నా?" అంది బాలకృష్ణ గొంతు. "నిజంగనే కోసినవా?"

"కోసిన సేటూ."

"నీకో దండం. రేపటి సంది రాకు. రేపు పొద్దుగాల నేనే ఇంకో తలుపు తీసుకపోయి పెట్టిస్త."

"సరే సేటూ" అని ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఇస్రాయేలు స్క్రూలు ఏరుకున్నాడు.

నాలుగింటికల్లా తలుపు నిలబడింది. రెండు రెక్కలూ బయటికి తెరుచుకున్నాయి, గోడకు తగలకుండా. లోపల బోల్ట్ పెట్టలేదు. చిన్న కొక్కెం పెట్టి, రెక్కల మధ్య సన్నటి సందు వదిలాడు. నవ్యను పిలిచి వంటింటి చాకు తెప్పించి, సందులో దూర్చి పైకి లేపి చూపించాడు. కొక్కెం టక్కున ఊడింది.

"అమ్మ లోపల పడ్డదనుకో, గిట్ల లేపి తియ్యాలె. తొయ్యొద్దు. రెక్కలు మన దిక్కే వస్తయి. యాది పెట్టుకో బిడ్డా."

నవ్య రెక్కలు పట్టుకుంది. రెండుసార్లు తెరిచి మూసి చూసింది. "బీరువ లెక్కున్నది" అంది చివరికి, కోపం పూర్తిగా తగ్గకుండానే.

తిమ్మమ్మ లోపలికి పోయి కొత్త తువాల తెచ్చింది. నాలుగు మూలలకూ పసుపు అంటించి ఉంది.

"దర్వాజ ఎత్తినోనికి బట్టలు పెడ్తరు. తీసుకో."

ఇస్రాయేలుకు మళ్ళీ తికమకే. "బాత్రూం తలుపుకా అమ్మా?"

"మరి దినాం నాలుగుమాట్ల నేను పోయేది ఏ తలుపులకెల్లి?"

అతను రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని తువాల అందుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భుజాన వేసుకుంటే పొట్టు అంటుతుంది, సంచిలో పెడితే నూనె అంటుతుంది. బస్సులో వనపర్తి దాకా రెండు చేతుల్లో పట్టుకునే కూర్చున్నాడు. పక్క సీటు మనిషి ఏం తువాల అని అడిగితే, "దర్వాజ ఎత్తిన" అని చెప్పాడు.

మరునాడు పొద్దున బాలకృష్ణ కొత్త తలుపును ఆటోలో వేయించాడు. బిగించేవాడు ఎవరూ దొరకలేదు. రాత్రంతా పడుకుని లేచాక కోపమూ కొంత తగ్గింది. ఇస్రాయేలుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. అలిగి ఉంటాడనుకుని ఆటోను అతని ఇంటికే తిప్పించాడు.

వాకిట్లో జనం ఉన్నారు. చర్చి పాస్టరు ఉన్నాడు. ఇస్రాయేలును చాప మీద పడుకోబెట్టి తెల్లటి దుప్పటి కప్పారు.

"నల్ల నీళ్ళు వచ్చినయని పిలువనీకి పోయిన సేటూ," అంది పక్కింటి యమున. "బాత్రూంకు అడ్డం కట్టిన చీర కిందికెల్లి కాళ్ళు కనవడ్డయి. గోడకు ఒరిగి కూసున్నడు, నిద్రపోయినట్టే. ఎప్పుడు పానం పోయిందో ఏమో."

బాలకృష్ణ అటు చూశాడు. బాత్రూం దర్వాజకు తలుపు లేదు. పాత నీలం చీర ఒకటి వేలాడుతూ ఉంది. ఊరందరి ఇళ్ళకూ తలుపులు పెట్టిన మనిషి ఇంట్లో తలుపు లేకపోవడం ఏమిటో అతనికి బోధపడలేదు.

"తలుపేదమ్మా దీనికి?"

"బాలమ్మ పోయిన్నాడే ఊడపీకిండు. అగో, గా గోడకున్నది. ఎవరడిగినా ఇయ్యకపోతుండె."

పెరటి గోడకు రేకు తలుపు ఆనించి ఉంది. దాని మీద ఒక కొత్త తువాల కప్పి ఉంది. బాలకృష్ణ దగ్గరికి పోయి తువాల అంచు ఎత్తాడు. భుజమంత ఎత్తున, రేకు లోపలికి పోయి పెద్ద సొట్ట. యమున అతని వెనకే వచ్చి, గొంతు తగ్గించి, బాలమ్మ పోయిన పొద్దు జరిగిందంతా చెప్పింది. వింటున్నంతసేపూ బాలకృష్ణ నేల చూస్తూనే ఉన్నాడు. లోపలికి పెట్టు, లోపలికి పెట్టు అని నాలుగేళ్ళుగా తాను రాసిచ్చిన కాగితాలు గుర్తొచ్చాయి.

ఆటో డ్రైవరు వచ్చి అడిగాడు. "సేటూ, గోపాల్‌పేట పోదమా?"

"వద్దు. తలుపు దుకాణంల దించి రా. గాడ ఉన్న తలుపే మంచిగున్నది."

అతను వాకిట్లోకి పోయి జనంలో కూర్చున్నాడు. పెరట్లో ఆ రేకు తలుపు మీద, సొట్టను కప్పుతూ, నాలుగు మూలలా పసుపు అంటిన కొత్త తువాల అలాగే ఉంది.