పలమనేరు పక్కన నా భూకంప ప్రసంగం

భూకంపాల మీద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నాను గానీ, మొన్నటిదాకా ఒక్క భూకంపాన్నీ ఎరగను. ఎక్కడో పరాయి దేశంలో నేల చీలితే, ఆ పగులు పొడవునా ఏ చోట ఎంత జారిందో ఏర్పేడు దగ్గర మా సంస్థ ఏసీ గదిలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం నా పని.

పలమనేరు పక్కన తమ పల్లెలో భూమిలోంచి శబ్దాలు వస్తున్నాయనీ, జనం ఆరుబయటే పడుకుంటున్నారనీ నా స్నేహితుడు ధనశేఖర్ ఫోన్ చేశాడు.

"శేషసాయీ, నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పిపోప్పా. మావోళ్లకి ధైర్యంగా ఉంటాది."

నా చదువు కోసం నన్నొకరు పిలవడం అదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

పాలకేంద్రం ముందు జనం కూర్చున్నారు.

"పగులు పొడవునా నేల ఒకే మాదిరి జారదు," అని మొదలుపెట్టాను. "ఒకచోట అయిదు మీటర్లు జారితే, ఇంకోచోట జానెడే జారొచ్చు. పట్టు గట్టిగా ఉన్నచోట అసలు జారదు."

బాగా అర్థం కావాలని టార్పాలిన్ పట్ట పరిపించి, మధ్యలో దాణా మూటలు పెట్టించి, అంచు పట్టి లాగమన్నాను. మూటల దగ్గర పట్ట కదల్లేదు. రెండు పక్కలా మూరెడు జరిగింది. నాకు భలే తృప్తి కలిగింది. జనం ముఖాలు పాలిపోయాయి.

"అయిదు మీటర్లంటే మా ఇల్లు రోడ్డు మీదికొస్తాదా నాయనా?" అని చంద్రకాంతమ్మ అనే పెద్దావిడ అడిగింది.

అది పెద్ద భూకంపాల సంగతి, ఇక్కడివి చిన్నవి, లోపల జారేది వేలి మందం కూడా ఉండదు అని చెప్పాలి కదా. చెప్పలేదు. మూటల దగ్గర పట్ట ఎందుకు ఆగిందో మళ్లీ వివరించాను.

అప్పుడే కాళ్ల కింద ఢమ్మంది. రేకులు గలగలలాడాయి. తేరుకుని చూస్తే నేను రోడ్డు అవతల, ఒంటి చెప్పుతో ఉన్నాను. జనం కూర్చున్నచోటే కూర్చుని నన్ను చూస్తున్నారు. వాళ్లకది అలవాటైపోయింది.

"సూడండప్పా, అందురూ ఒకే మాదిరి జరగలా," అన్నాడు ధనశేఖర్.

పల్లెంతా పగలబడి నవ్వింది. నవ్వడం తప్ప నాకూ వేరే దారి లేదు.

తిరిగొచ్చి ఈసారి వాళ్ల మధ్యనే కూర్చున్నాను. చంద్రకాంతమ్మ చెంబుతో నీళ్లిచ్చింది.

"ఇప్పుడు చెప్పు. ఇంట్లో పడుకోవచ్చా?"

"ఇవి చిన్నవేనమ్మా, ఇల్లు రోడ్డు మీదికి రాదు. ఎప్పుడు ఆగుతాయో నాకు తెలీదు. గోడ పగిలిన గదిలో మాత్రం పడుకోవద్దు."

"అయితే వచ్చి మా గోడ సూడు."

చూశాను. వంటింటి గోడ నిలువునా విచ్చింది, ముందు గది గట్టిగా ఉంది. పొద్దు వాలకముందే ఆమె మంచాన్ని నేనూ ధనశేఖరూ చెరోవైపు పట్టుకుని ఆ గదిలో వేశాం.