ఒళ్లోకొచ్చే పిల్లాడు

పొద్దున్నే తలుపులు తెరవగానే సబాతో చేసే మొదటి పని ప్లాస్టర్ పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి వాడి పెట్టెలో పడుకోబెట్టడం. ఎప్పుడో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన మనుషులు మట్టిలో కలిసిపోగా, వాళ్ల ఆకారంలో మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి తీసిన బొమ్మలవి. ఇటలీలోని పాంపేలో ఆ బొమ్మల గదికి సబాతోయే కాపలా.

ఆ పిల్లాడు ఇన్నాళ్లూ ఒకావిడ ఒళ్లో ఉండేవాడు. ఊరంతా ఆవిడని అమ్మ అనేవాళ్లు. కిందటేడు ప్లాస్టర్లో మిగిలిన ఎముకలు పరీక్షించినవాళ్లు అమ్మ ఆడమనిషే కాదని, పిల్లాడితో ఏ రక్తసంబంధమూ లేని మగవాడని తేల్చారు. పైవాళ్లు ఇద్దర్నీ విడదీసి చెరో అద్దాలపెట్టెలో పెట్టించారు. తెల్లారేసరికి పిల్లాడు మళ్లీ ఆ ఒళ్లోనే. వేసిన తాళాలు వేసినట్టే ఉంటాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, సబాతోకి మాత్రం నడుంనొప్పి పట్టుకుంది. అమ్మ పేరు కూడా ఎవరూ మార్చలేదు.

సబాతో ఇంట్లో అస్సుంత అని ఆరేళ్ల పిల్ల ఉంది. మేడమీద అద్దెకున్నావిడ కూతురు. ఆవిడ పోయాక ఎవరూ రాకపోతే, పెళ్లీ పెటాకులూ లేని సబాతో దాన్ని కిందికి తెచ్చుకున్నాడు. కూతురితో మాటల్లేని అమ్మమ్మ ఎర్సీలియాకి చావుకబురే ఆలస్యంగా అందింది. ఇప్పుడు అవెల్లీనో అనే ఊరి నుంచి దిగింది, మనవరాల్ని తీసుకుపోతానంటూ. రక్తం ఆవిడది, కాదనడానికి తనెవరు? పిల్ల బట్టలు సంచిలో సర్దుతూ సబాతో ఏడ్చాడు.

రైలుకి ఇంకా టైముందని ముగ్గురూ బొమ్మల గదికి వచ్చారు. పిల్లాడు ఒళ్లో ఉన్నాడు. సబాతో అలవాటుగా వంగి ఎత్తుకున్నాడు.

"ఎక్కడికి మోస్తున్నావు?" అంది ఎర్సీలియా.

"వాడి పెట్టెలోకమ్మా. రేప్పొద్దునకి మళ్లీ ఇక్కడే ఉంటాడు."

"తాళం వెయ్యరా?"

"వేస్తామమ్మా. అయినా వచ్చేస్తాడు."

"బాబాయ్ రోజూ తిడతాడు అమ్మమ్మా, వాడు వినడు," అంది అస్సుంత, సబాతో చొక్కా అంచు వదలకుండా.

ఎర్సీలియా ఆ చేతిని చూసింది. కూతురు ఇల్లు వదిలిపోయింది కూడా తను దాన్ని లోపలుంచి బయట గడియపెట్టిన రోజునే. 

"ఉండనివ్వు నాయనా," అంది. "రోజూ మోసి నడుం పోగొట్టుకోవడమెందుకు?"

సబాతో పిల్లాణ్ణి మెల్లగా అమ్మ ఒళ్లో పెట్టి లేచేసరికి, ఎర్సీలియా పిల్ల బట్టల సంచి అతని ముందుకి చాపి నిలబడి ఉంది. అతనికి అర్థం కాలేదు.

"పట్టుకో. ఆదివారం వస్తాను. వంట మాత్రం నేనే చేస్తా. నువ్వు పాస్తా మాడబెడతావని పిల్ల దారంతా చెప్పింది."