పిండిమర దొరసాని

ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ చేతకాదు. తప్పు వాళ్లది కాదు. కింద పిండిమర, పైన కాపురం. పొద్దున్న మర తిరగడం మొదలుపెట్టిందంటే సాయంత్రం దాకా గోడలు, గిన్నెలు, మనుషుల పళ్లు అన్నీ కలిసి వణుకుతూనే ఉంటాయి. అందులో పుట్టి పెరిగినవాళ్లకు రెండే భాషలు. పైనుంటే గొంతు చించుకోవడం, కిందుంటే చేతులు తిప్పడం. అరచెయ్యి బోర్లించి కిందికి నొక్కితే మర రాళ్లు బిగించమని. వేళ్లు నలిపితే పిండి మెత్తగా కావాలని. చెయ్యెత్తి తనవైపు ఊపుకుంటే ఇటు రమ్మని. మర ఆగినా ఆ చేతులు మాత్రం ఆగవు. ఆదివారం పూట మామగారు కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగినా, నోరు అడుగుతుంటే చెయ్యి కూడా అడుగుతూ ఉంటుంది.

అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన పిల్ల ఉద్యోగం గ్రంథాలయంలో. చీమ చిటుక్కుమన్నా పదిమంది తలెత్తి చూసే చోటు. గొంతు పెంచితే జీతం కోస్తారేమో అన్నట్టు మాట్లాడటం ఆమెకు అలవాటు. కాపురానికొచ్చిన రోజే అత్తగారు, "ఏమ్మా, గొంతు పట్టేసిందా? వేడినీళ్లు పెట్టనా?" అని అడిగింది. వద్దు, బాగానే ఉందని కోడలు చెప్పింది. ఆవిడకు వినపడలేదు. వేడినీళ్లు వచ్చాయి. కోడలు తాగింది.

మనుషులు మంచివాళ్లే. అన్నం దగ్గర బతిమాలి వడ్డిస్తారు, వానొస్తే గొడుగు పట్టుకుని బస్సు దగ్గరికి ఎదురొస్తారు. కానీ వెనకనుంచి ఎవరు పిలిచినా ఆమె గుండె జారి అరికాళ్లలోకి పోయేది. ఆమె ఒక మాట చెబితే మూడు ముఖాలు ఒక్కసారి "ఆఁ?" అనేవి. రెండోసారి చెప్పేసరికి ఆ మాటలో ఉప్పూ కారం పోయేవి.

ఆ ఇంట్లో ఆమె మాట అసలు పట్టించుకోని ప్రాణి ఇంకొకటుంది. అది పిల్లి. పేరు దొరసాని. తెల్లగా ఉంటుంది, కళ్లు నీలం. మొదట్లో అది తెలుపో, పిండి అంటుకుని తెల్లబడిందో ఎవరికీ తెలియలేదట. ఒకరోజు అత్తగారు పట్టుకుని నీళ్లు పోస్తే, తడిసిన తెల్లపిల్లి, నెత్తురోడుతున్న అత్తగారు మిగిలారు. మామగారికి అదంటే పంచప్రాణాలు. మర పక్కన గోనె సంచి మీద నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంటుంది. మరో పిల్లయితే ఆ చప్పుడుకు ఊరు దాటిపోయేది. "మా దొరసాని సింహం పుటక పుట్టింది. పక్కన పిడుగు పడ్డా చెవి కదపదు," అని పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. అది సంచుల మీద కూర్చుని పొద్దస్తమానం ఆయన్నే చూస్తూ ఉండేది. ఆయన "దొరసానీ" అంటే చాలు, దూకి వచ్చేది.

కోడలు పిలిస్తే మాత్రం అటు తిరిగి కూర్చునేది. గిన్నెలో పాలు పోసి, నేల మీద కూర్చుని, ఎంత ముద్దుగా పిలిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అత్తగారు నవ్వి, "నీ గొంతు మాకే వినపడదు, దానికేం వినపడుతుందే? కాస్త గట్టిగా పిలువు," అనేది. ఆమె మొగుడు ఇంకో అడుగు ముందుకేసి, "దానికి కొత్తవాళ్లు గిట్టరులే. ఆడపడుచు లేని లోటు తీరుస్తోంది," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. లోపల మాత్రం చివుక్కుమనేది. పిల్లికి కూడా నచ్చకపోతే ఎలా అనిపించేది, ఎంత పిచ్చిగా ఉన్నా.

ఒక సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చేసరికి దొరసాని కిటికీ పక్క పేము కుర్చీలో ముడుచుకుని నిద్రపోతోంది. ఎప్పుడూ అందని పిల్లి చేతికందేంత దూరంలో ఉంది. కోడలు వెనకనుంచి అడుగు చప్పుడు కాకుండా వెళ్లి, వీపు మీద మెల్లగా చెయ్యి వేసింది. అంతే. పిల్లి గాల్లోకి లేచింది. దిగేటప్పుడు దాని గోళ్లు కోడలి మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా వచ్చాయి.

అత్తగారు పరుగున వచ్చి గాయం కడిగింది. కనురెప్పల దాకా పిండితో మామగారు మెట్లెక్కి వచ్చాడు. రక్తం చూశాడు. ఆయన ముఖంలో నవ్వు పోవడం కోడలు చూడటం అదే మొదటిసారి. "మన ఇంటికొచ్చిన పిల్లను రక్కే పిల్లి నాకొద్దు. ఆదివారం తమ్ముడొస్తాడు, గోదాముకు తీసుకుపోతాడు. అక్కడ ఎలుకలకు కొదవ లేదు," అన్నాడు. "పర్లేదు మామయ్యా, చిన్న గాయమే," అని కోడలు ఎన్నిసార్లన్నా, ఆమె మాట మర మోతలో కలిసిపోయింది. వినపడినా లాభం ఉండేది కాదేమో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన.

ఆ రోజునుంచి ఆయన దొరసానిని పిలవడం మానేశాడు. దానివైపు చూస్తే మనసు మారుతుందని భయం కాబోలు, చూడటమూ మానేశాడు. అది మాత్రం సంచి మీదనుంచి ఆయన్నే చూస్తూ కూర్చునేది. అన్నం దగ్గర ఎవరూ ఏమీ అనకపోయినా కోడలికి ముద్ద దిగేది కాదు. వచ్చీ రాగానే ఇంట్లో పిల్లిని వెళ్లగొట్టించిన కోడలు అనిపించుకోవడం ఎంత కష్టమో అనుభవిస్తేగాని తెలియదు. పైగా చినమామగారి గోదామును ఆమె చూసింది. పగలంతా లారీలు హారన్లు కొడుతూ వెనక్కీ ముందుకీ వస్తుంటాయి.

శుక్రవారం ఆమె సెలవు పెట్టింది. వంటింట్లో పైఅర మీద మూతలు సర్దుతుంటే చెయ్యి జారింది. ఒకటి పడితే దాని వెనక మిగతావన్నీ నాపరాతి గట్టు మీద, గిన్నెల మీద దొర్లుకుంటూ పడ్డాయి. మర మోతకు అలవాటైన అత్తగారు కూడా "ఏం కూలింది?" అని పరిగెత్తుకొచ్చింది. దొరసాని గుమ్మం దగ్గర అటు తిరిగి కూర్చుని పాదం నాకుకుంటోంది. నాకుతూనే ఉంది. చెవి కొస కూడా కదల్లేదు.

ధైర్యం ఉన్న పిల్లయినా చెవి తిప్పుతుంది కదా అనుకుంది కోడలు. భయం లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. అత్తగారు వెళ్లాక దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. తాళాలగుత్తి ఆడించింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి చెక్క నేల మీద మడమతో గట్టిగా ఒక్కటి కొట్టింది. పిల్లి వెంటనే వెనక్కి తిరిగి, ఏమిటన్నట్టు చూసింది. కోడలు అక్కడే నేల మీద కూలబడింది. "నీకు వినపడదా తల్లీ," అంది. అన్నాక, ఎవరితో అంటున్నానా అని నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి.

మొగుడితో చెబితే కొట్టిపారేశాడు. "చెవుడా? నాన్న పిలిస్తే ఎక్కడున్నా వచ్చేస్తుంది. నువ్వు దాన్ని ఆపడానికి ఏదో ఒకటి అంటున్నావు," అన్నాడు ప్రేమగానే.

మర్నాడు గ్రంథాలయం పక్క వీధిలో ఉన్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ రంగు అడిగింది, కళ్లు అడిగింది, తల ఊపింది. "తెల్లపిల్లికి రెండు కళ్లూ నీలమైతే పుట్టుచెవుడు ఉండటం మామూలే. ఒకసారి తీసుకురండి, పరీక్ష చేద్దాం. మందైతే లేదు. ఏదో పోయిందని దానికి తెలియదు కాబట్టి బెంగ కూడా లేదు. జాగ్రత్త పడాల్సింది మీరే," అంది. నిద్రలో వెనకనుంచి ముట్టుకోకూడదు. మొదట మన కాలి అదురు తెలియాలి, తరవాత చెయ్యి వాసన తెలియాలి. దూరంగా ఉంటే దీపం ఆర్పి వెలిగించి పిలవాలి. వీధిలోకి ఒంటరిగా వదలకూడదు. మెడ పట్టీ మీద చెవుడని రాసి ఉంచితే మంచిది. కోడలు అన్నీ శ్రద్ధగా విని, ఇంటికొచ్చి చెబుదామంటే మర తిరుగుతోంది.

ఆదివారం చినమామగారు మూత ఉన్న బుట్ట చంకన పెట్టుకుని వచ్చాడు. ఈయన అన్నగారికి తగ్గ తమ్ముడు. మాట వీధి మొదట్లో ఉండగానే వినపడుతుంది. మర మూసి ఉంది. మామగారు కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. దొరసాని కిటికీ చట్రం మీద కూర్చుని వీధి చూస్తోంది.

"మామయ్యా, దానికి చెవుడు," అంది కోడలు.

"ఆఁ?"

"దొరసానికి వినపడదు. మొన్న నిద్రలో నేను రావడం తెలియలేదు దానికి. ఉలిక్కిపడి రక్కింది. పొగరు కాదు."

మామగారు నొచ్చుకున్నాడు. "నా పిల్లికి చెవుడేమిటమ్మా. నేను పిలిస్తే రాకుండా ఎప్పుడుందీ?"

"అయితే ఇప్పుడు పిలవండి. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోండి. కాలు కదపకండి."

"చేతులకేమయింది?" అన్నాడాయన. అలా అంటున్నప్పుడు కూడా చెయ్యి గాల్లోకి లేచింది. అందరూ ఆ చెయ్యి వైపు చూశారు. ఆయన కూడా చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి అన్నట్టు దాన్ని కిందికి దించి, వీపు వెనక రెండోదానితో పట్టుకున్నాడు.

"దొరసానీ," అన్నాడు. పిల్లి వీధి చూస్తోంది. "దొరసానీ," అన్నాడు మళ్లీ, మర తిరుగుతున్నప్పటి గొంతుతో. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పిల్లి తోక కూడా ఆడించలేదు. మూడోసారి పిలవబోయి ఆగిపోయాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం కోడలు ఎప్పుడూ వినలేదు.

కాసేపటికి దొరసాని తనంతట తానే తల తిప్పింది. ఆయన కనిపించాడు. ఆయన చేతుల పట్టు విడిపోయింది. ఒక చెయ్యి దానంతటదే పైకి లేచి, ఇటు రమ్మన్నట్టు ఊగింది. పిల్లి దూకి, గది దాటి వచ్చి ఆయన కాళ్లకు రాసుకుంది.

చినమామగారు బుట్ట మూత తీశాడు. "చెవుడైతే ఏమైందన్నయ్యా, నాకు కావలసింది దాని పళ్లు. చెవులతో ఎలుకల్ని పడుతుందా ఏమిటి?"

"లారీ హారన్ వినపడదు చిన్నమామయ్యా," అంది కోడలు. ఈసారి ఎవరూ "ఆఁ" అనలేదు. చినమామగారికి తన గోదాము వాకిలి కళ్లముందు కనిపించింది కాబోలు, మూత మళ్లీ మెల్లగా పెట్టాడు.

అత్తగారి బాధ ఇంకోటి. "అదంతా సరే. నిద్రపోతున్నదాన్ని తెలియక ముట్టుకున్నప్పుడల్లా ఇలా చీరేస్తుంటే ఎలాగే? నీ చెయ్యి చూస్తేనే నాకు కడుపు తరుక్కుపోతోంది."

కోడలు కాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. పిల్లి మామగారి పాదాల మీద అప్పుడే కళ్లు మూసుకుంటోంది. అది బాగా నిద్రలోకి జారేదాకా అందరూ ఊరికే కూర్చున్నారు. పిల్లి నిద్ర కోసం ఆ ఇల్లు కాచుక్కూర్చోవడం వింతే. అప్పుడు కోడలు ఎదురుగా వచ్చి, చెక్క నేల మీద మడమ మెల్లగా తట్టింది. పిల్లి ఒక కన్ను తెరిచింది. ఆమె వంగి, గీతలు ఇంకా ఎర్రగా ఉన్న చేతినే దాని ముక్కు ముందు పెట్టింది. ఆ చెయ్యే ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు, లోపల భయంగానే ఉంది. దొరసాని వాసన చూసింది. చాలాసేపే చూసింది. తరవాత గడ్డం తెచ్చి ఆ అరచేతిలో పెట్టి, మళ్లీ కళ్లు మూసుకుంది. ఆ మెత్తటి బరువు జారిపోతుందేమోనని కోడలు అలాగే వంగి ఉండిపోయింది.

మామగారు పిల్లిని చూస్తూ ఏదో అన్నాడు. ఆ గొంతు ఆయనదని ఎవరూ అనుకోరు, అంత చిన్నగా ఉంది.

"పిలిస్తే వస్తోందనుకున్నాను ఇన్నేళ్లూ. దానికి పిలుపే తెలియదు. నా చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని పొద్దస్తమానం నన్నే కనిపెట్టుకుని కూర్చుందమ్మా. నేను మొన్నటినుంచీ దానివైపు చూడనైనా లేదు."

ఆ మాటలు పక్కనున్న కోడలికి తప్ప ఇంకెవరికీ అందలేదు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, "ఏమిటే, ఏమంటున్నారు మీ మామగారు?" అని అడిగింది.

కోడలు ఆయన ముఖం చూసింది. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

"దొరసాని ఎక్కడికీ వెళ్లదంటున్నారు అత్తయ్యా," అంది, ఎదురింటికి కూడా వినపడేంత గట్టిగా.

మామగారు కాదనలేదు.