నాన్న క్లారినెట్ మీద ర్యాప్

సీతారామారావు గారికి నా పాట నచ్చింది. నచ్చేదాకా బాగానే ఉంది, గొడవంతా ఆ తర్వాతే.

2023లో పై చదువుకని దేశం దాటొచ్చి, స్కార్‌బరోలో ఒక ఇంటి బేస్‌మెంట్లో ఆరుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. కాలేజీ, పార్ట్‌టైం ఉద్యోగం, బస్సులు పోగా మిగిలిన టైంలో నేను ర్యాప్ రాసుకునేదాన్ని. మిస్సిసాగాలో ఒక తెలుగు సంఘం వాళ్లు ఉగాది ప్రోగ్రాంలో స్టూడెంట్లకు ఐదు నిమిషాలు ఇస్తామన్నారు. రిహార్సల్‌కి వెళ్లి ట్రాక్ వినిపించాను. కింద జాజ్ డ్రమ్ములు, పైన తిరిగి తిరిగి వచ్చే క్లారినెట్ ముక్క, దాని మీద నా తెలుగు ర్యాప్.

సంఘం సెక్రటరీ సీతారామారావు గారు కళ్లు మూసుకుని తల ఊపారు. "జాజ్ ర్యాప్ కదా మృదులా ఇది. మా ఆఫీసు కుర్రాళ్లు వింటుంటారు. ఆ క్లారినెట్ ఎవరిదమ్మా, న్యూయార్క్ వాళ్లదా? ఎంత క్లాస్‌గా ఉందో."

"మా నాన్నది అంకుల్. కొమరయ్య. జగిత్యాల దిక్కు పెళ్లి బ్యాండ్ల వాయిస్తడు. ఫోన్ల రికార్డ్ చేసి పంపిండు."

ఊగే తల ఆగింది. "బ్యాండు మేళమా," అన్నారు. గొంతు తగ్గించి, "స్టేజి మీద ఆ వివరాలెందుకమ్మా. ఊరికే జాజ్ అని అనౌన్స్ చేద్దాం. స్పాన్సర్లొస్తారు. పేరు చెప్పాల్సిందే అంటే ఐటమ్ తీసేయాల్సొస్తుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. జాజ్ ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్నారా ఈ పెద్దమనిషి? న్యూ ఆర్లీన్స్ వీధుల్లో శవయాత్రలకూ ఊరేగింపులకూ నడుస్తూ వాయించిన నల్లజాతి బ్యాండులు లేకుండా జాజ్ ఎక్కడిది? ఎనభైల చివర్లో న్యూయార్క్ పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల జాజ్ రికార్డులు తీసి, ఒక్కో ముక్క కోసి, దాని మీద తమ మాట చెప్పారు. జాజ్ ర్యాప్ అలా వచ్చింది. నేను చేసిందీ అదే. వాళ్ల పెద్దలు ఊదితే క్లాసట, మా నాన్న ఊదితే వివరాలెందుకట.

ఇదంతా ఆయన ముఖం మీదే అనేశాను. ఆయన వాచీ చూసుకుని, "ఆలోచించుకుని సాయంత్రంలోగా చెప్పమ్మా," అన్నారు.

బస్టాప్‌లో నిలబడి నాన్నకు ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను. ఆయన కూడా నాలాగే మండిపడతాడనుకున్నా.

"నా పేరు చెప్పకు బిడ్డా," అన్నాడు.

"ఎందుకు నాన్నా?" నా కోపం ఆయన మీదికి కూడా మళ్లింది.

"చెప్తే నిన్ను గూడ అందరు తిన్నంక తినమంటరేమో."

ముప్పై ఏళ్లుగా ఆ పెళ్లిళ్లలో ఆయన ఎప్పుడు తిన్నాడో, ఎక్కడ కూర్చుని తిన్నాడో నేను ఒక్కసారీ అడగలేదు. అలవాటైన మాట చెప్పినట్టు మామూలుగా చెప్పాడు.

బస్సు వచ్చినా ఎక్కలేదు. సీతారామారావు గారికి ఫోన్ కలిపాను.

"అంకుల్, మా నాన్న పేరు చెప్పే పాడతా. వద్దనుకుంటే ఇప్పుడే తీసేయండి."

ఆయన తీసేశారు.